అప్పగింత: భారతదేశంలో టిబెటన్ శరణార్థి తల్లిదండ్రులు, వారి పిల్లల చదువు

శరణార్థుల విద్యాచరిత్రను రచించేవారు సాధారణంగా పాఠశాలల స్థాపకులతో ఆరంభించి, పట్టభద్రుల సంఖ్యతో ముగిస్తారు. ఈ రెండింటి నడుమ ఉండవలసిన తల్లిదండ్రులు ఆ రచనల్లో చాలా అరుదుగా కనిపిస్తారు. 1959 తరువాత భారతదేశానికి వచ్చిన టిబెటన్ల విషయంలోనూ ఇదే జరిగింది. దలైలామా సంకల్పం, నెహ్రూ ఔదార్యం, విదేశీ దాతల సహాయం, ఉపాధ్యాయుల శ్రమ గ్రంథస్థమయ్యాయి. కొండదారుల్లో రాళ్లు కొట్టుకుంటూ తమ పిల్లలను దూరప్రాంతపు బడికి పంపిన తల్లి, తండ్రి ఏమి ఆలోచించారు, ఏ నమ్మకంతో పంపారు, తరువాత ఆ చదువుతో వారికి ఏ సంబంధం మిగిలింది అనే ప్రశ్నలకు తగిన స్థానం లభించలేదు.

తల్లిదండ్రుల పాత్రను కొలవడానికి నేటి విద్యాశాస్త్రం కొన్ని గుర్తులను వాడుతుంది. బడిలో జరిగే సమావేశాలకు రావడం, ఇంటివద్ద పాఠం చెప్పడం, పుస్తకాలు కొనిపెట్టడం, ఉపాధ్యాయునితో మాట్లాడడం వాటిలో ముఖ్యమైనవి. ఈ గుర్తులతో చూస్తే తొలితరం టిబెటన్ శరణార్థులకు పిల్లల చదువులో పాత్రే లేదనిపిస్తుంది. అయితే ఆ తరం వారికి చదువు పట్ల తల్లిదండ్రుల ధర్మం ఏమిటో స్పష్టంగా తెలుసు. ఆ ధర్మాన్ని తెలుగులో ఒక్క మాటలో చెప్పవలసివస్తే అది 'అప్పగింత'. బిడ్డను యోగ్యుడైన గురువు చేతిలో పెట్టడం, పెట్టిన తరువాత గురువు పనికి అడ్డు రాకపోవడం దాని స్వరూపం. ఈ సంప్రదాయం ప్రవాసంలో ఏ బలాన్నిచ్చింది, ఏ నష్టాన్ని తెచ్చింది, నేడు ఏ స్థితికి చేరింది అన్నది పరిశీలించదగిన విషయం.

విహారం నేర్పిన పద్ధతి

1959కి పూర్వం టిబెట్‌లో విద్యకు ప్రధాన నిలయం విహారమే. లాసాలో అధికారుల కుటుంబాల పిల్లలకు కొన్ని ప్రైవేటు బడులు, ప్రభుత్వోద్యోగులను తయారుచేసే రెండు శిక్షణాలయాలు ఉండేవి. రైతులకు, పశుపాలకులకు మాత్రం అక్షరం ఎదురయ్యేది విహారంలోనే. అనేక కుటుంబాలు ఒక కుమారుణ్ణి బాల్యంలోనే సంఘానికి సమర్పించేవి. ఆ బాలుడు సాధారణంగా అదే విహారంలో ఉన్న మేనమామ వద్దనో, పినతండ్రి వద్దనో, స్వగ్రామానికి చెందిన మరో భిక్షువు వద్దనో చేరి, ఆయన ఇంటివాడై చదువుకునేవాడు. తల్లిదండ్రులు జొన్నపిండికి సాటియైన యవల పిండిని, వెన్నను, వస్త్రాన్ని పంపేవారు. ఏమి నేర్పాలి, ఎలా నేర్పాలి, ఎంతగా దండించాలి అన్నవి గురువు నిర్ణయాలు.

భాష కూడా ఈ భావాన్నే చెబుతుంది. టిబెటన్‌లో పాఠశాలను 'లప్‌ద్రా' అంటారు. విహారంలోని విద్యాసంఘాన్ని 'ద్రాత్సాంగ్' అంటారు. రెండింటిలోనూ 'ద్రా' ఒకటే. ఉపాధ్యాయునికి వాడే 'గెన్‌లా' అనే గౌరవవాచకం విహారగురువుకూ, బడిపంతులుకూ చెల్లుతుంది. ప్రవాసంలో కొత్తగా వెలసిన ఆధునిక పాఠశాలను తల్లిదండ్రులు ఈ పాత మాటలతోనే గుర్తించారు. గణితం, ఆంగ్లం నేర్పే చోటును వారు విహారానికి దగ్గరి చుట్టంగా భావించారనడానికి ఈ పదాలు మంచి సాక్ష్యం.

ఇక్కడ వినయపిటకంలోని ఒక ఘట్టం గుర్తుకు తెచ్చుకోవలసి ఉంది. రాహులుని ప్రవ్రజ్య తరువాత శుద్ధోదనుడు బుద్ధుని దర్శించి, సంతానవియోగం తల్లిదండ్రులను ఎంతగా కోస్తుందో విన్నవించాడు. అప్పటినుంచి తల్లిదండ్రుల అనుమతి లేని బాలునికి ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం ఏర్పడింది. టిబెటన్లు అనుసరించే మూలసర్వాస్తివాద వినయంలోనూ ఈ నియమం ఉంది. దీని అర్థం స్పష్టం: అప్పగింతకు ముందు అనుమతి ఉండాలి. సిగాలోవాద సుత్తం మరొక అంచును చూపుతుంది. బిడ్డను పాపం నుంచి వారించడం, మంచిలో నిలపడం, వృత్తివిద్య నేర్పించడం, తగిన సంబంధం చూడడం, కాలం రాగానే వారసత్వం అప్పజెప్పడం తల్లిదండ్రుల ఐదు విధులుగా అందులో కనిపిస్తాయి. విద్య నేర్పించడం ఆ ఐదింటిలో ఒకటి మాత్రమే. బిడ్డను గురువుకు అప్పగించినా తక్కిన నాలుగు విధులు తల్లిదండ్రుల వద్దనే ఉంటాయి. టిబెటన్ ప్రవాస విద్యలో తరువాత తలెత్తిన చిక్కులన్నీ ఈ రెండు అంశాల చుట్టూ, అంటే అనుమతి చుట్టూ, మిగిలిన విధుల చుట్టూ తిరిగాయి.

రహదారి శిబిరాలు, తొలి బడులు

1959 మార్చి 17 రాత్రి దలైలామా లాసాను విడిచి, అదే నెల 31న భారత సరిహద్దు దాటారు. ఆయన వెంట, ఆయన తరువాత సుమారు 80,000 మంది హిమాలయాలు దాటి వచ్చారు. అస్సాంలోని మిస్సామారిలో గృహస్థులకు, పశ్చిమ బెంగాల్‌లోని బక్సాలో భిక్షువులకు శిబిరాలు వెలిశాయి. చల్లని పీఠభూమి నుంచి దిగివచ్చినవారిని మైదానపు వేడి, కొత్త రోగాలు కుంగదీశాయి. పనిచేయగల వారిని భారత ప్రభుత్వం కొండప్రాంతాల్లో రహదారుల నిర్మాణానికి పంపింది. తల్లి, తండ్రి ఇద్దరూ పగలంతా రాళ్లు మోస్తుంటే పిల్లలు దారిపక్కన గుడారాల్లో ఉండేవారు. ఆకలి, క్షయ, విరేచనాలు, విరిగిపడే కొండచరియలు వారి దైనందిన జీవితంలో భాగమయ్యాయి.

1960 మార్చి 3న ముస్సోరీలో 50 మంది యువకులతో మొదటి టిబెటన్ పాఠశాల ప్రారంభమైంది. అదే సంవత్సరం మే 17న జమ్మూ ప్రాంతపు రహదారి శిబిరాల నుంచి 51 మంది చిన్నారులు ధర్మశాల చేరారు. వారిలో చాలామంది పోషణ లేక, రోగాలతో నీరసించి ఉన్నారు. వారి సంరక్షణను దలైలామా అక్క త్సెరింగ్ డోల్మా స్వీకరించారు. 1964లో ఆమె మరణించిన తరువాత చెల్లెలు జెత్సున్ పేమా ఆ బాధ్యత వహించి 2006 వరకు నిర్వహించారు. నేడు టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ పేరుతో ప్రసిద్ధమైన సంస్థకు అదే అంకురం. ముస్సోరీలో రించెన్ డోల్మా తారింగ్ నాయకత్వాన 1962లో టిబెటన్ హోమ్స్ ఫౌండేషన్ ఏర్పడింది. నెహ్రూ ప్రోత్సాహంతో 1961లో భారత విద్యామంత్రిత్వశాఖ పరిధిలో టిబెటన్ పాఠశాలల సొసైటీ నెలకొంది. కేంద్ర టిబెటన్ పాఠశాలల పాలనా సంస్థగా తరువాత పేరు మారిన ఆ సొసైటీ దశాబ్దాల పాటు బడుల ఖర్చును భరించింది.

ఈ తొలి బడులకు పిల్లలను పంపిన తల్లిదండ్రులకు రెండు కారణాలు ఉండేవి. మొదటిది ప్రాణరక్షణ. గుడారంలో ఉంటే బిడ్డ బ్రతుకుతుందన్న నమ్మకం లేదు. రెండవది దలైలామా సంస్థ మీద ఉన్న శ్రద్ధ. ఆయన ఆశ్రయంలోకి బిడ్డను పంపడం విహారానికి సమర్పించడంతో సమానమైన పుణ్యకార్యంగా కనిపించింది. ఇంత శ్రద్ధ లేకుంటే నాలుగైదేళ్ల వ్యవధిలో అన్ని బడులు నిండి ఉండేవి కావు. విద్య వల్ల లాభం ఏమిటో అనుభవంలో చూడని జనం, తమ పిల్లలందరినీ, ఆడపిల్లలతో సహా, బడికి పంపడం ఆ చరిత్రలో మొదటిసారి జరిగింది. విహారవిద్య ప్రధానంగా బాలురకు పరిమితమై ఉండేది. కొత్త బడిలో బాలికలు బాలురతో సమంగా కూర్చున్నారు. ఈ మార్పును ఏ శాసనమూ బలవంతంగా తేలేదు. అది తల్లిదండ్రుల నిర్ణయం.

అయితే అప్పగింతలోని ప్రమాదం కూడా ఆ సంవత్సరాల్లోనే బయటపడింది. 1961 నుంచి 1964 వరకు స్విట్జర్లాండ్‌కు చెందిన పారిశ్రామికవేత్త చార్లెస్ ఏషిమాన్ చొరవతో నూట యాభైకి పైగా టిబెటన్ బాలబాలికలను స్విస్ కుటుంబాలు పెంపకానికి తీసుకున్నాయి. వారంతా అనాథలు కారు. అనేకుల తల్లిదండ్రులు సజీవులై భారతదేశంలోనే ఉన్నారు. మంచి చదువు పొంది పిల్లలు తమ సమాజానికి తిరిగి వస్తారన్నది పంపినవారి ఆశ. పెంచుకున్నవారిలో చాలామంది ఆ పిల్లలను సొంతబిడ్డలుగా భావించారు. కాలం గడిచాక తల్లి ఎదురుపడినా మాట్లాడడానికి ఉమ్మడి భాష మిగలని సందర్భాలు వచ్చాయి. శుద్ధోదనుని కోరికతో ఏర్పడిన నియమంలోని అనుమతి అనే మాటకు ఎంత లోతు ఉన్నదో ఈ ఘటన చూపుతుంది. దేనికి సమ్మతిస్తున్నారో పూర్తిగా తెలియని సమ్మతి సగం సమ్మతి మాత్రమే.

నివాసస్థానాల్లో బడి, ఇల్లు

1960-61లో మైసూరు రాష్ట్రం కేటాయించిన అటవీభూమిలో బైలకుప్పె నివాసస్థానం మొదలైంది. 1963లో ఒడిశాలోని చంద్రగిరిలో, 1966లో ముండగోడులో మరికొన్ని వెలిశాయి. చంద్రగిరి శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకు సమీపంలోనిది. నేడు అక్కడి పద్మసంభవ మహావిహారాన్ని చూడడానికి వెళ్లే తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ విహారం కన్నా ఎన్నో ఏళ్ల ముందే అక్కడ అడవి నరికి, మొక్కజొన్న వేసి, బడి నిలబెట్టుకున్న రైతుల కథ వారిలో కొద్దిమందికే తెలుసు.

నివాసస్థానం ఏర్పడడంతో తల్లిదండ్రులు, బడి ఒకే ఊరిలోకి వచ్చారు. అయినా వారి మధ్య దూరం వెంటనే తగ్గలేదు. ప్రభుత్వం నడిపే బడులలో ప్రధానోపాధ్యాయులు, అనేకమంది ఉపాధ్యాయులు భారతీయులు. పాఠ్యక్రమం కేంద్ర మాధ్యమిక విద్యామండలిది. బోధన ఆంగ్లంలో సాగేది. హిందీ కూడా నేర్చుకోవలసి ఉండేది. ప్రార్థనాగ్రంథం తప్ప మరొకటి చదవలేని, చాలా సందర్భాల్లో అదీ చదవలేని తల్లికి బిడ్డ నోటుపుస్తకంలో తెలిసే అక్షరం ఒకటి కూడా ఉండేది కాదు. టిబెటన్ భాషను, సంస్కృతిని చూసుకోవడానికి ప్రవాస పాలనావ్యవస్థ ప్రతి బడికి ఒక రెక్టర్‌ను నియమించింది. తల్లిదండ్రులకు, ప్రధానోపాధ్యాయునికి మధ్య ఆయనే వారధి.

ఈ పరిస్థితిలో ఇల్లు తనకు చేతనైన విద్యను తాను నేర్పింది. ఉదయం దీపం వెలిగించి, ఏడు పాత్రలలో నీరు పోయడం, శరణగమన వాక్యాలు, తారాస్తుతి, మణిమంత్రం పిల్లలకు నోటిమాటగా అందాయి. వీటిలో పెద్దభాగం 'మోమోలా', 'పోపోలా' అని పిలిచే అవ్వాతాతల నుంచే వచ్చాయి. బడి నివేదికల్లో వీటికి చోటు లేదు. కానీ సిగాలోవాద సుత్తం చెప్పిన విధులలో పాపం నుంచి వారించడం, మంచిలో నిలపడం అనే రెండూ ఇక్కడే నెరవేరాయి.

జీవనోపాధి ఈ గృహవిద్యను మరోవిధంగా కుదించింది. వ్యవసాయం వానమీద ఆధారపడినది. కుటుంబం పెరిగేకొద్దీ పంట చాలలేదు. శీతకాలంలో ఉన్నిదుస్తుల వ్యాపారం నివాసస్థానాలకు ప్రధానమైన నగదు ఆదాయమైంది. లూధియానాలో తరచుగా అప్పుమీద సరుకు తీసుకుని, అక్టోబరు నుంచి జనవరి వరకు దేశమంతటా నగరాల్లో అమ్మేవారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వీధుల్లో ఏటా కనిపించే టిబెటన్ స్వెట్టర్ల దుకాణాలు ఈ వ్యవస్థలోనివే. తెలుగు కొనుగోలుదారుకు అది చవకగా దొరికే చలిబట్ట. దుకాణంలో కూర్చున్న తల్లికి అది బిడ్డ చదువు. ఆ నాలుగు నెలలు పిల్లలు అవ్వ దగ్గరో, వసతిగృహంలోనో ఉండేవారు. శీతకాలపు సెలవులు దొరికితే కొందరు తల్లిదండ్రులున్న ఊరికే వచ్చి దుకాణంలో సాయపడేవారు. కుటుంబమంతా ఒకచోట చేరేది లోసర్ నాటికి, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే నూతన సంవత్సరానికి. ఇంటివద్ద లేకపోవడమే చదువుకు చేసే సేవగా మారిన విచిత్రస్థితి అది.

వసతి పాఠశాలల్లో తల్లి స్థానాన్ని మరొకరు నింపారు. టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్‌లో పిల్లలు తరగతులవారీగా కాక గృహాలవారీగా పెరుగుతారు. ఒక్కో గృహానికి ఒక 'అమాలా', అంటే అమ్మ, ఉంటుంది. కన్నతల్లి ఎంత దూరంలో ఉన్నా పిల్లవాడికి అమ్మ అని పిలవడానికి ఒకరు ఉండడం ఈ పద్ధతి గొప్పతనం.

సరిహద్దు అవతలి తల్లి

1980ల నుంచి మరొక ప్రవాహం మొదలైంది. టిబెట్‌లోనే ఉండిపోయిన తల్లిదండ్రులు తమ పిల్లలను దారిచూపేవారికి సొమ్ము చెల్లించి, మంచుకనుమల మీదుగా నేపాల్‌కు, అక్కడినుంచి భారతదేశానికి పంపసాగారు. మాతృభాషలో చదువు, దలైలామా సన్నిధి అన్న రెండు కారణాల కోసం వారు ఆరేడేళ్ల పిల్లలను సైతం పంపారు. మళ్లీ చూస్తామన్న భరోసా వారికి లేదు. చాలామందికి ఆ తరువాత ఫోనులో వినిపించే గొంతే బిడ్డ. 2008 తరువాత సరిహద్దు కట్టుదిట్టం కావడంతో ఈ రాక దాదాపు ఆగిపోయింది. విద్యలో తల్లిదండ్రుల పాత్రను సమావేశాల హాజరుతో కొలిచే పద్ధతి ఎంత చిన్నదో ఈ తల్లుల ముందు తెలుస్తుంది. అయితే అప్పగింతకు చెల్లించవలసిన మూల్యం ఎంత పెద్దదో కూడా ఇక్కడే తెలుస్తుంది.

భాష చుట్టూ వివాదం

ఆంగ్లమాధ్యమంలో చదివిన తొలి రెండు తరాలు ఉద్యోగాలు పొందాయి, ప్రవాస సంస్థలను నిలబెట్టాయి. కానీ సాహిత్య టిబెటన్‌లో, ముఖ్యంగా ధర్మగ్రంథాల భాషలో, వారి పట్టు సడలింది. దీన్ని గమనించి 1980ల మధ్య నుంచి ప్రాథమిక తరగతుల బోధనను టిబెటన్‌లోకి మార్చే ప్రయత్నం మొదలైంది. తరువాతి దశాబ్దంలో ప్రభుత్వ టిబెటన్ బడులకూ అది విస్తరించింది. 1999లో ఏర్పడిన సంభోట టిబెటన్ పాఠశాలల సొసైటీ పేరు కూడా ఈ దిశనే చూపుతుంది. టిబెటన్ లిపిని రూపొందించినవాడుగా సంప్రదాయం చెప్పే ఏడవ శతాబ్దపు మంత్రి థొన్‌మి సంభోట పేరు అది. 2004లో ప్రవాస మంత్రివర్గం ఆమోదించిన మౌలిక విద్యావిధానం సంప్రదాయ విద్యకు ప్రథమస్థానం ఇచ్చింది.

ఈ విధానాన్ని రచించినది పండితులు, పాలకులు. దాన్ని గెలిపించగలిగినదీ, ఓడించగలిగినదీ తల్లిదండ్రులు. అప్పటికి నివాసస్థానాల్లోని తల్లిదండ్రులు వేరే తరం. వారు బడిలో చదివినవారు, నోటుపుస్తకం చదవగలిగినవారు, పట్టణాల్లో ఏ భాషకు జీతం వస్తుందో చూసినవారు. వారిలో కొందరు మాతృభాషా బోధనను మనసారా ఆదరించారు. మరికొందరు ఉత్సవాలలో దానికి చేతులు జోడించి, ఇంటికి వచ్చి పిల్లలను సమీప పట్టణపు ఆంగ్లమాధ్యమ ప్రైవేటు బడికి పంపారు. తొలితరంవారు అప్పగించి ఊరుకున్నారు. ఈ తరంవారు ఎంపిక చేసుకుంటున్నారు. విద్యాశాస్త్రపు కొలమానంలో ఇది తల్లిదండ్రుల పాత్ర పెరగడమే. కానీ ఆ పెరిగిన పాత్ర ఫలితంగా సమాజం తనకై కట్టుకున్న బడి ఖాళీ అవుతున్నది. తెలుగునాట మాతృభాషామాధ్యమంపై జరుగుతున్న వాదాలను ఎరిగిన పాఠకునికి ఈ చిక్కుముడి కొత్తది కాదు. తేడా ఒక్కటే. తెలుగు బిడ్డ ఆంగ్లబడికి వెళ్లినా ఊరు తెలుగులోనే మాట్లాడుతుంది. టిబెటన్ బిడ్డ బడి దాటితే చుట్టూ ఉన్న ఊరు కన్నడమో, హిందీయో, ఒడియాయో మాట్లాడుతుంది.

తగ్గుతున్న సంఖ్య

2009లో ప్రవాస పాలనావ్యవస్థ జరిపిన జనగణన ప్రకారం భారతదేశంలో 94,203 మంది టిబెటన్లు ఉన్నారు. ఆ తరువాత ఈ సంఖ్య గణనీయంగా తగ్గింది. పాశ్చాత్యదేశాలకు వలస, తక్కువ జననాలు, టిబెట్ నుంచి రాకలు నిలిచిపోవడం దీనికి కారణాలు. కొన్ని బడులు మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. గత దశాబ్దంలో ప్రభుత్వ టిబెటన్ బడులలో పెద్దభాగం సంభోట సొసైటీకి బదిలీ అయ్యాయి. దక్షిణాదిన పునఃస్థాపితమైన సేరా, డ్రెపుంగ్, గాందెన్ మహావిహారాల్లోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. నేడు అక్కడ చేరే బాలభిక్షువులలో లదాఖ్, అరుణాచల్, నేపాల్ వంటి హిమాలయ ప్రాంతాలవారి వాటా అధికం. ప్రవాస టిబెటన్ కుటుంబం నుంచి కుమారుణ్ణి సమర్పించడం అరుదైంది. ఒకరో ఇద్దరో సంతానమున్న ఇంట ఆ నిర్ణయం పూర్వం ఉన్నంత సులభం కాదు.

మరొక పరిణామం కూడా గమనించదగినది. 1990 నాటి వలసచట్టం కింద అమెరికా వెయ్యిమంది టిబెటన్లకు ప్రవేశం కల్పించింది. 1992 నుంచి వారు వివిధ నగరాల్లో స్థిరపడ్డారు. స్విట్జర్లాండ్, కెనడాలలోనూ సమాజాలు పెరిగాయి. అక్కడ టిబెటన్ నేర్పే ప్రభుత్వబడి లేదు, రెక్టర్ లేడు, అమాలా లేదు. అందువల్ల తల్లిదండ్రులే వారాంతపు బడులు నడపవలసి వచ్చింది. ఆరురోజులు ఆసుపత్రుల్లో, హోటళ్లలో పనిచేసి ఏడవరోజు పిల్లలచేత 'క, ఖ, గ, ఙ' దిద్దించే తల్లి, తండ్రి టిబెటన్ విద్యాచరిత్రలో కొత్త వ్యక్తులు. అప్పగించడానికి ఎవరూ లేనిచోట వారే గెన్‌లాలు అయ్యారు. వారంలో ఒక్కపూట చదువు ధర్మగ్రంథం చదివించగలదా అన్న సందేహం సహేతుకమే. అయినా బిడ్డ చదువు తన చేతిలోని పని అన్న భావం ఆ బడుల్లో స్థిరపడుతున్నది.

పరిశోధకుల ముందున్న పని

ఈ చరిత్ర నుంచి విహారాలకు, వారసత్వ పరిశోధకులకు రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, అప్పగింత, ప్రమేయం అన్నవి పరస్పర విరుద్ధాలు కావు. తెలిసి ఇచ్చిన అనుమతి, ఇచ్చిన తరువాత తెంచుకోని బంధం ఉన్నచోట అప్పగింత బిడ్డకు మేలు చేసింది. ఆ రెండింటిలో ఏది లోపించినా బిడ్డ ఇంటికి పరాయి అయింది. బాలభిక్షువులను చేర్చుకునే విహారాలకు, వసతి పాఠశాలలకు ఇది నేటికీ వర్తించే పాఠం. వినయంలోని అనుమతి నియమాన్ని చేరికనాటి ఒక వాక్యంగా ముగించకుండా, చదువు సాగినంతకాలం ఇంటితో నడిచే సంభాషణగా ఆచరించే అవకాశం వాటి చేతిలో ఉంది.

రెండవది కాలానికి సంబంధించినది. 1960లో పాతికేళ్ల వయసులో రహదారి శిబిరం నుంచి బిడ్డను పంపిన తల్లి నేడు జీవించి ఉంటే తొంభై దాటి ఉంటుంది. స్థాపకుల ఆత్మకథలు, సంస్థల నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ తల్లి చెప్పవలసినది చాలావరకు రాసిలేదు. ఏ ఉదయాన బిడ్డను లారీ ఎక్కించింది, ఏ మాట చెప్పి పంపింది, ఏళ్ల తరువాత తిరిగివచ్చిన బిడ్డను ఏ భాషలో పలకరించింది అన్నవి ఆమె జ్ఞాపకంలోనే ఉన్నాయి. బైలకుప్పె, ముండగోడు, చంద్రగిరి వృద్ధాశ్రమాల్లో, ఇళ్ల అరుగులమీద జపమాల తిప్పుతూ కూర్చున్న ఆ తరం మాటలను వారి భాషలోనే నమోదు చేయడం వెంటనే చేపట్టవలసిన పని. శిలాశాసనం వందల ఏళ్లు వేచి ఉండగలదు. ఈ ఆధారానికి అంత వ్యవధి లేదు.